అడవిని నరుకుతున్న జాప్యం

భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో గుట్ట వాలు మీద ఒక ఎకరం పోడును తీసుకుందాం. రెవెన్యూ రికార్డులో దానికో సర్వే నంబరు ఉంటుంది. అటవీశాఖ మ్యాపులో అదే నేల రిజర్వు ఫారెస్టులో ఒక కంపార్ట్‌మెంటు. సరిహద్దు రాయి ఎటు పక్క పడుతుందన్నది ఎవరు కొలిచారన్న దాన్ని బట్టి మారుతుంది. సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ)లో అది పెండింగులో ఉన్న దరఖాస్తు. పోలీసు స్టేషన్లో అది ఎఫ్ఐఆర్‌లో రాసిన సంఘటనా స్థలం. దాని మీద జొన్నో పత్తో వేసుకున్న కుటుంబానికి మాత్రం ఈ ఏటి తిండి. నాలుగు ఆఫీసులూ ఎవరి పని వారు చేస్తున్నామనే అనుకుంటాయి. అటవీశాఖ ఆక్రమణ తొలగించానని లెక్క రాస్తుంది, పోలీసులు కేసు కట్టామని రాస్తారు, గిరిజన సంక్షేమశాఖ దరఖాస్తు స్వీకరించామని రాస్తుంది. ఏడాది చివర నాలుగు నివేదికలూ బాగానే ఉంటాయి. అడవి మాత్రం తగ్గుతుంది, గొడవ పెరుగుతుంది, ఆ కుటుంబం అప్పు అలాగే ఉంటుంది.

ఇలాంటి చిక్కుల్ని విడదీసి కాకుండా కలిపి చూడాలని చెప్పిన వాళ్లలో ఎంఐటీకి చెందిన జే ఫారెస్టర్, ఆయన దగ్గర పనిచేసిన డొనెల్లా మెడోస్ ముఖ్యులు. 1972లో వచ్చిన ‘లిమిట్స్ టు గ్రోత్’ ఆ ఆలోచనకు ప్రపంచమంతా పేరు తెచ్చింది. అందులో మనకు కావలసింది రెండే సంగతులు. ఒకటి, ఒక చర్య ఫలితం తిరిగొచ్చి ఆ చర్యనే బలపరిచే వలయాలు ఉంటాయి. రెండోది, కారణానికీ ఫలితానికీ మధ్య ఎడం పెరిగేకొద్దీ వ్యవస్థ అదుపు తప్పుతుంది. శాంతి, న్యాయం, పర్యావరణం ఒకదానితో ఒకటి ముడిపడినవని సభల్లో చెప్పడం తేలిక, ఎవరూ కాదనరు కూడా. ఆ ముడి ఎక్కడ పడిందో, ఎవరి సంతకం ఆగితే ఎక్కడ చెట్టు పడుతుందో చూపగలిగితేనే ఆ మాటకు విలువ. గోదావరి లోయ ఏజెన్సీ విషయంలో ఈ వ్యాసం వాదన ఒక్కటే: అడవిని నరుకుతున్నది గొడ్డలి కన్నా ఎక్కువగా హక్కుల నిర్ధారణలో జరుగుతున్న జాప్యం. తుపాకులు వచ్చిందీ ఆ జాప్యం తెరిచిన దారిలోనే.

పోడు ఎందుకు గుట్ట ఎక్కిందన్న దగ్గరే మొదలుపెట్టాలి. గోదావరి ఒడ్డున, ఉపనదుల లోయల్లో ఉన్న మంచి నల్లరేగడి భూములు ఒకప్పుడు కోయల చేతుల్లోనివే. పొగాకు, మిరప, పత్తి కోసం కోస్తా జిల్లాల నుంచి, మైదానం నుంచి వచ్చిన వాళ్ల చేతుల్లోకి అవి అప్పు పత్రాల మీద, కౌలు పేరు మీద, బినామీ పేర్ల మీద జారిపోయాయి. దీన్ని ఆపడానికి 1959లో నిబంధన తెచ్చారు. 1970లో దాన్ని సవరించారు. జనం నోట ‘వన్ ఆఫ్ సెవెంటీ’గా నిలిచిన ఆ చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుడికి బదిలీ అయితే చెల్లదు. అయినా షెడ్యూల్డు ప్రాంతాల్లో దాదాపు సగం భూమి గిరిజనేతరుల సాగులోనే ఉందని ఉమ్మడి రాష్ట్రంలో ప్రభుత్వ లెక్కలే ఒప్పుకున్నాయి. కేసు గెలిచిన గిరిజనుడికి ఉత్తర్వు చేతికొస్తుంది, భూమి రాదు. అవతలివాడు అప్పీలుకు పోతాడు, పంట మాత్రం అతనిదే. లోయలో పోయిన ఎకరానికి బదులు ఆ కుటుంబం వాలు మీద ఇంకో ఎకరం చదును చేస్తుంది. అంటే బీట్ ఆఫీసర్ తరుముతున్న మనిషి చాలాసార్లు రెవెన్యూశాఖ భూమి ఇప్పించలేకపోయిన మనిషే. వన్ ఆఫ్ సెవెంటీ అమలు ఒక అటవీ సంరక్షణ పథకమని ఏ అటవీ నివేదికలోనైనా రాశారా? రాయరు, అది వేరే శాఖ కదా.

ఇక చరిత్ర ఇచ్చే సాక్ష్యం. 1879 రంపలో కల్లు పన్ను, మన్సబుదారు వసూళ్లు కలిసి పితూరీ లేపాయి. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి పోడును నేరం చేసింది. 1922లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడ్డప్పుడు వెనక నిలిచిన మన్యం ఆగ్రహంలో అటవీ ఆంక్షలు, గూడెం రోడ్డు పనిలో వెట్టి రెండూ ఉన్నాయి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్ చనిపోయాకే గోండుల బాధ ఏమిటో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది, ఆ తర్వాతే పట్టాలు ఇచ్చింది. 1967లో లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు హత్యకు గురై శ్రీకాకుళం రగిలాక 1970 సవరణ వచ్చింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో కాల్పులు జరిగాయి, అధికారిక లెక్కలోనే 13 మంది చనిపోయారు. ఇందులో కనిపించే వరస ఒక్కటే. కొండ మీది కష్టం కచేరీకి చేరడానికి మామూలు దారి పని చేయలేదు. నెత్తురు పడ్డప్పుడే కబురు చేరింది. దరఖాస్తుకు స్పందించకుండా హింసకు మాత్రమే స్పందించే వ్యవస్థ హింసకు తనే బహుమతి ఇస్తున్నట్టు.

ఆ వరసను మార్చగలిగిన అవకాశం 2006 అటవీ హక్కుల చట్టం. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న గిరిజన కుటుంబానికి నాలుగు హెక్టార్ల దాకా హక్కు, ఊరికి తన అడవిని కాపాడుకుని వాడుకునే సామూహిక హక్కు, నిర్ణయం గ్రామసభతో మొదలు. విచారణ పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదని నాలుగో సెక్షన్ స్పష్టంగా చెప్పింది. నియమాలు 2008 జనవరిలో వచ్చాయి. తెలంగాణ ప్రాంతంలో తొలి విడతలో ఇచ్చిన వ్యక్తిగత పట్టాలు లక్షకు లోపే. తర్వాత ఏళ్ల తరబడి నిశ్శబ్దం. 2021 చివర్లో మళ్లీ దరఖాస్తులు పిలిస్తే నాలుగు లక్షలకు పైగా వచ్చాయి, పన్నెండు లక్షల ఎకరాలకు. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పంపిణీ మొదలుపెట్టి దాదాపు లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాలకు హక్కు పత్రాలు ఇచ్చారు. కటాఫ్ తేదీ మారలేదు, చట్టం మారలేదు. అదే తేదీని ఆధారం చేసుకుని పదిహేనేళ్ల తర్వాత తొలి విడత కన్నా ఎక్కువ మంది అర్హులు తేలారు. దీనికి రెండే వివరణలు సాధ్యం. తొలి విడతలో అర్హుల్ని పెద్ద సంఖ్యలో వదిలేశారు, లేదా రెండో విడతలో 2005 తర్వాత నరికిన నేలకు కూడా పట్టా దక్కింది. నిజం రెండింటి మధ్య ఎక్కడో ఉండొచ్చు. మొదటిదైతే పదిహేనేళ్లు అన్యాయం జరిగింది, రెండోదైతే పదిహేనేళ్లు అడవి పోయింది. రెండింటికీ కారణం ఒకటే.

జాప్యం ఎలా పని చేస్తుందో దగ్గరగా చూస్తే అందులో దుర్మార్గులు అక్కర్లేదని తెలుస్తుంది. తన సాగుకు కాగితం లేని రైతుకు ఉన్న ఒకే సాక్ష్యం దున్నిన నేల. ఒక ఏడాది బీడు పెడితే మొక్కలు లేస్తాయి, సర్వేకు వచ్చినవాళ్లు అక్కడ సాగు లేదని రాస్తారు. అందుకని పాత పోడు పద్ధతిలో నేలకు దక్కే విశ్రాంతి పోయింది. ఏటా దున్నాలి, చెట్టు మొదళ్లు తీసేయాలి, పొలం పొలంలా కనబడాలి. ఎన్నికల ముందు పట్టాల హామీ వస్తుంది. హామీ వినగానే పక్కవాడు కూడా నాలుగు చెట్లు కొడతాడు, ఎందుకంటే ఈసారి సర్వేలో లేకపోతే ఇంకెప్పుడు వస్తుందో తెలియదు. చెట్లు పడ్డాయని అటవీశాఖ కందకాలు తవ్వుతుంది. కందకం తన పొలం మధ్యలోంచి పోయినవాడు నాయకుడి దగ్గరికి వెళ్తాడు, నాయకుడు మరో హామీ ఇస్తాడు. రైతు, రేంజరు, ఎమ్మెల్యే ముగ్గురూ తమ స్థానంలో తెలివైన పనే చేశారు. ముగ్గురి తెలివీ కలిసి గుట్టను బోడి చేసింది.

ఈ వలయంలోకి బయటి నుంచి మరో ఒత్తిడి వస్తుంది. కాళేశ్వరం ప్రాజెక్టుకు మూడు వేల హెక్టార్లకు పైగా అటవీ భూమి ఇచ్చారు. గనులకు, రోడ్లకు, విద్యుత్ లైన్లకు ఇచ్చేది వేరే. పోయిన అడవికి బదులు ఇంకోచోట మొక్కలు పెంచాలని చట్టం. అందుకు కాంపా (పరిహార అటవీకరణ) నిధులున్నాయి, భూమి లేదు. అప్పుడు దృష్టి ‘క్షీణించిన అడవి’ మీద పడుతుంది. ఆ ముద్ర తరచూ పడేది పోడు మీదే. ఎక్కడో పంపుహౌస్ కోసం కొట్టిన చెట్టు బాకీని గుట్ట మీది కుటుంబం తీర్చాల్సి వస్తోంది. 2019 జూన్ 30న కాగజ్‌నగర్ మండలం సర్సాలలో మొక్కలు నాటించడానికి ట్రాక్టర్లతో వెళ్లిన మహిళా రేంజ్ అధికారి మీద కర్రలతో దాడి జరిగింది. 2022 నవంబరు 22న చండ్రుగొండ మండలం ఎర్రబోడు దగ్గర తోట మొక్కల విషయంలో జరిగిన ఘర్షణలో ఒక రేంజ్ అధికారి ప్రాణాలే కోల్పోయారు. ఆ హత్యకు ఏ సమర్థనా లేదు. కానీ నేరస్థులకు శిక్ష పడటంతో ఆ కథ ముగిసిందనుకుంటే, హక్కు తేలని నేల మీద మొక్కలు నాటమని రేపు ఇంకో ఉద్యోగిని పంపుతాం. తాను పరిష్కరించలేని తగాదాలోకి కింది ఉద్యోగిని పంపడం ఆ ఉద్యోగికి కూడా అన్యాయమే.

ఎర్రబోడు సంగతి ఇంకొంచెం ఆగి చూడాలి. అక్కడున్నది గుత్తికోయలు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం మొదలయ్యాక ఇటు మావోయిస్టులు, అటు జుడుం దళాల మధ్య ఊళ్లు కాలి, వేల కుటుంబాలు సరిహద్దు దాటి ఖమ్మం, వరంగల్, తూర్పుగోదావరి అడవుల్లోకి వచ్చాయి. 2011 జులైలో సుప్రీంకోర్టు ఆ దళాలను తప్పుపట్టి రద్దు చేయమంది. అప్పటికి వలస వచ్చినవాళ్లు ఇక్కడ చెట్లు కొట్టుకుని బతుకుతున్నారు. అక్కడ వాళ్లు షెడ్యూల్డు తెగ, ఇక్కడ కాదు. 2005 డిసెంబరు నాటికి ఈ నేల మీద లేరు కాబట్టి హక్కు రాదు. అక్కడి ఊరికి వెళ్లాలంటే మొన్నటిదాకా యుద్ధం. బస్తర్‌లో శాంతి లేకపోవడం గోదావరి ఇవతల అడవి నష్టంగా మారింది. ఆ నష్టం స్థానిక కోయలకూ గుత్తికోయలకూ మధ్య తగాదాగా మారింది. ఆ తగాదా ఒక ఉద్యోగి చావుదాకా వెళ్లింది. ఎర్రబోడు ఘటన తర్వాత అక్కడి పంచాయతీ గుత్తికోయలను వెళ్లగొట్టాలని తీర్మానం చేసింది. మూడు రాష్ట్రాలు, అర డజను శాఖలు కలిపి తీసుకోవాల్సిన నిర్ణయం చివరకు ఒక గ్రామ పంచాయతీ నెత్తిన పడింది.

అభ్యంతరాల్లో గట్టిది పర్యావరణవాదులది. పట్టా ఇస్తే ఆక్రమణను ప్రోత్సహించినట్టే, ఇవాళ నాలుగు లక్షల ఎకరాలు, రేపు ఇంకో ఎనిమిది అంటారు. హామీల రాజకీయం విషయంలో వాళ్ల మాట నిజం. అయితే వాళ్లు తప్పు కారణాన్ని పట్టుకున్నారు. నరుకుడును ప్రోత్సహించేది పట్టా కాదు, ఎప్పుడొస్తుందో ఎవరికొస్తుందో తెలియని పట్టా. 2008లోనే గ్రామసభలో, ఉపగ్రహ చిత్రాలు ముందు పెట్టుకుని, ఊరందరి ఎదుట లెక్క తేల్చి, మ్యాపు గోడకు అంటించి ఉంటే 2010లో చెట్టు కొట్టినవాడికి ఏ ఆశా ఉండేది కాదు, పక్కవాళ్లే అడ్డుపడేవాళ్లు. ఇంకో విషయం కూడా ఒప్పుకోవాలి. మన లెక్కల్లో అడవి అంటే ఏమిటి? ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా లెక్కన హెక్టారుకు మించిన నేల మీద పదిశాతం చెట్ల నీడ ఉంటే చాలు, ఏ చెట్లన్నది, ఎవరి భూమన్నది అడగదు. అందుకే కాగితపు మిల్లు కోసం వరసగా పెంచిన జామాయిల్ తోట అడవి. ఇప్పచెట్లు, తునికిచెట్లు వదిలి మధ్యలో జొన్న వేసిన పోడు ఆక్రమణ. పక్షికీ పురుగుకీ పశువుకీ ఏది అడవో అడిగితే సమాధానం వేరేగా ఉంటుంది. కొలమానం తప్పయినప్పుడు ఆ కొలమానం చూసుకుని చేసే పని కూడా తప్పుతుంది.

రెండో అభ్యంతరం ఇటీవలిది. మావోయిస్టు ఉద్యమం దాదాపు అయిపోయింది, 2025లో కర్రెగుట్టల గాలింపు, మే నెలలో అబూజ్‌మఢ్‌లో నంబాల కేశవరావు మృతి, అక్టోబరులో మల్లోజుల వేణుగోపాల్ లొంగుబాటు, నవంబరులో మారేడుమిల్లి అడవిలో హిడ్మా మృతి. శాంతి వచ్చేసింది, ఇక అభివృద్ధి మీద దృష్టి పెడదాం అంటున్నారు. తుపాకులు ఆగడం మంచిదే, ఆ ఊళ్లలో బతికే వాళ్ల కన్నా ఆ సంగతి ఎవరికీ బాగా తెలియదు. అయితే తుపాకి పోయిన ఖాళీలోకి ఏం వస్తుందన్నది హక్కుల మీద ఆధారపడుతుంది. కొలంబియా 2016లో ఫార్క్ గెరిల్లాలతో ఒప్పందం చేసుకుంది. వాళ్లు అడవి వదిలి వెళ్లారు. మరుసటి ఏడాది ఆ దేశంలో దాదాపు 2.2 లక్షల హెక్టార్ల అడవి పోయిందని అక్కడి ప్రభుత్వ సంస్థే లెక్క తేల్చింది. అంతకు ముందు ఏడాది కన్నా బాగా ఎక్కువ. గెరిల్లాల భయంతో ఆగిన భూ కబ్జాదారులు, పశువుల మందల వాళ్లు గొడ్డళ్లతో దిగారు. భూమి ఎవరిదో ముందే తేల్చని శాంతి అడవికి సెలవు చీటీ అయింది. మనకూ ఒక అవకాశం 2004లో వచ్చింది. ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలో పౌరస్పందన వేదిక ఏళ్లపాటు చేసిన ప్రయత్నం ఫలితంగా అక్టోబరులో చర్చలు జరిగాయి. బల్ల మీదకు వచ్చిన పెద్ద ప్రశ్నల్లో భూమి ఒకటి. చర్చలు విఫలమయ్యాయి. ప్రభుత్వమే వేసిన కోనేరు రంగారావు భూ కమిటీ ఇచ్చిన సిఫారసులు మాత్రం ఇప్పటికీ చెల్లుబాటయ్యేవే. వాటిని అమలు చేయడానికి మావోయిస్టులతో ఒప్పందం అవసరం లేదు, అప్పుడూ లేదు.

అన్నీ అన్నిటితో ముడిపడి ఉన్నాయంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఇదంతా పని ఎగ్గొట్టడానికి పండితులు వెతుక్కున్న సాకు కాదా అన్నది మూడో ప్రశ్న. కొన్ని సెమినార్లు చూస్తే ఆ అనుమానం రావడం సహజమే. కానీ వలయం కనబడ్డాక ఎక్కడ తాకితే ఎక్కువ కదులుతుందో కూడా కనబడుతుంది. గోదావరి ఏజెన్సీలో ఆ చోటు సామూహిక హక్కు. వ్యక్తిగత పట్టా కుటుంబానికి భద్రత ఇస్తుంది, పక్క అడవిని మాత్రం ఎవరిదీ కానిదిగా వదిలేస్తుంది. ఊరికి అడవి మీద హక్కు ఉంటే పక్కవాడు కొట్టే చెట్టు ఊరి నష్టం. ప్రాణహిత అవతల గడ్చిరోలిలో ఇది జరిగి చూపించింది. మెండా లేఖా అనే గోండు ఊరికి 2009లో దాదాపు 1,800 హెక్టార్ల మీద సామూహిక హక్కు దక్కింది. 2011లో వెదురు రవాణా పర్మిట్ పుస్తకం అటవీశాఖ చేతిలోంచి గ్రామసభ చేతికి వచ్చింది. తర్వాత ఆ జిల్లాలో వెయ్యికి పైగా గ్రామసభలకు హక్కులు వచ్చాయి, చాలాచోట్ల తునికాకు, వెదురు టెండరు గ్రామసభలే పిలుస్తున్నాయి. అదేమీ ప్రశాంతమైన జిల్లా కాదు, దశాబ్దాలు మావోయిస్టు ప్రాంతం. అక్కడ సాధ్యమైంది ఇవతల ఒడ్డున ఎందుకు జరగలేదంటే, మన రెండు రాష్ట్రాల్లోనూ హక్కుల చట్టం అంటే పట్టాల పంపిణీ సభ అని అర్థం స్థిరపడింది. ఎకరాలు, లబ్ధిదారులు, ఫొటో. గ్రామసభకు అడవినిస్తే పంచడానికి ఏమీ మిగలదు, ఫొటో కూడా సరిగా రాదు.

పాడేరు మన్యంలో కాఫీ చెప్పే పాఠం కూడా పక్కన పెట్టలేం. నీడ ఉంటేనే పండే పంట కావడంతో చెట్టు నిలబడితే రైతుకు లాభం అన్న లెక్క కుదిరింది, కొండపోడు కొంత కాఫీ తోటయింది. నీడ కోసం తెచ్చిన సిల్వర్ ఓక్ ఈ నేల చెట్టు కాదు, దాని కింద పాత అడవి తిరిగి రాదు. ఆ లోటు ఒప్పుకోవాల్సిందే. అయినా చెట్టు ఉండటం ఎవరికి లాభమో మార్చితే పోలీసు అవసరం తగ్గుతుందన్న మాట అక్కడ రుజువైంది.

కాబట్టి ముందు చేయాల్సిన పనుల వరస శాఖలు అనుకునే వరసకు తిరగేసి ఉంటుంది. హక్కు తేలని నేల మీద తోటలు ఆపాలి. కాంపా డబ్బు ఆగినా పర్వాలేదు. తెలంగాణలో 2021 దరఖాస్తుల్లో మిగిలిన ఎనిమిది లక్షల ఎకరాల మీద కారణం రాసి ఒప్పుకోవడమో తిరస్కరించడమో చేయాలి, ఆ మ్యాపు గ్రామసభలో పెట్టాలి. తిరస్కరణ కూడా న్యాయమే, రాతపూర్వకంగా, అప్పీలుకు దారి ఉంచి చేస్తే. 2019 ఫిబ్రవరి 13న తిరస్కృతులందరినీ ఖాళీ చేయించమన్న సుప్రీంకోర్టే పదిహేను రోజుల్లో ఆ ఆదేశాన్ని నిలిపింది, తిరస్కరణ ఎలా జరిగిందో చెప్పమని రాష్ట్రాలను ఆదేశిస్తూ. వన్ ఆఫ్ సెవెంటీ కేసుల్లో గెలిచిన భూమి చేతికిచ్చిన చోట గుట్ట మీద ఎన్ని ఎకరాలు వదిలారో అటవీశాఖే లెక్క కట్టుకోవచ్చు, అది దాని ఖాతాలో పడే అడవి. గుత్తికోయల విషయంలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ ఒకచోట కూర్చోవాలి: తిరిగి వెళ్లాలనుకునే వాళ్లకు అక్కడి భూమి, ఉండిపోయే వాళ్లకు ఇక్కడ అడవి కాని చోటు. బస్తర్‌లో యుద్ధం సద్దుమణిగిన ఈ సమయం కన్నా దానికి అనుకూలమైన సమయం ఇరవై ఏళ్లలో రాలేదు. ఈ వేసవిలో తేలకపోతే వానాకాలానికి నాగళ్లు మళ్లీ గుట్ట ఎక్కుతాయి, కొత్త సాగు కనిపిస్తుంది, ఆ సాగును సాక్ష్యంగా పెట్టి వచ్చే ఎన్నికల ముందు మళ్లీ దరఖాస్తులు పిలుస్తారు.